పూలు కట్టే చెయ్యి నోటు అందుకోలేకపోయింది: ఒక ఆప్టిక్ అటాక్సియా కేస్

నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, అంటే జబ్బు చేసినవాళ్ళకి రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పించేదాన్ని, ఎక్కువగా స్ట్రోక్ వచ్చినవాళ్ళతోనే పని. ఆప్టిక్ అటాక్సియా అంటే చూపూ చెయ్యీ రెండూ బానే ఉన్నా, కన్ను చూసినదాన్ని చెయ్యి సరిగ్గా అందుకోలేకపోవడం. ఈ కేస్ గురించి రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నా. మొదటి మూడు వారాలు నేను తప్పు దారిలో పోయాను, అదే తప్పు ఇంకొకరు చెయ్యకపోతే ఎవరో ఒక పేషెంట్‌కి ఒక నెల కలిసొస్తుంది, అందుకే రాస్తున్నా. ఆవిడ దగ్గరా, వాళ్ళబ్బాయి దగ్గరా పర్మిషన్ తీసుకున్నా, గుర్తుపట్టేలాంటి వివరాలు కొన్ని మార్చేశా, ఊరు పేరు చెప్పను. ఇక్కడ ఆవిడని పూలమ్మ అంటాను.

నేపథ్యం

పూలమ్మకి యాభై దాటాయి. కుడిచేతి వాటం. కోస్తా వైపు ఒక టౌన్‌లో గుడి ముందు ఏళ్ళ తరబడి పూలు అమ్ముతోంది. తెల్లారకముందే మార్కెట్‌కి పోయి మల్లెలు, కనకాంబరాలు, చామంతులు తెచ్చుకోవడం, అరటి నారతో కట్టుకోవడం, మూరల లెక్కన అమ్ముకోవడం, ఇదీ జీవితం. బీపీ ఉంది, మాత్రలు గుర్తొస్తే వేసుకుంటుంది లేకపోతే లేదు. ఒకరోజు పొద్దున బుట్ట ఎత్తుకోబోతుంటే కుడి చెయ్యి మొద్దుబారినట్టయి మాట తడబడింది, ఇంట్లోవాళ్ళు వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. ఎమ్మారైలో ఎడమ పెరైటల్ లోబ్ (మెదడులో నడినెత్తికి కాస్త వెనక ఉండే భాగం) పైభాగంలో, ఇంట్రాపెరైటల్ సల్కస్ అనే గాడి చుట్టూ ఒక చిన్న ఇన్‌ఫార్క్ట్, అంటే రక్తం అందక దెబ్బతిన్న చోటు. వారం తిరిగేసరికి మాట బాగైంది, చేతికి బలం వచ్చేసింది, స్పర్శ కూడా బానే తెలుస్తోంది. పవర్ నార్మల్ అని రాసి ఇంటికి పంపారు. పేపర్ల మీద చూస్తే చాలా అదృష్టవంతురాలు.

నా దగ్గరికి వచ్చేసరికి స్ట్రోక్ వచ్చి ఐదో వారం.

ఇంట్లో ఏం జరుగుతోందంటే

మంచినీళ్ళ గ్లాసు ఇస్తే చెయ్యి గ్లాసు పక్కకి పోతుంది, లేదా గ్లాసుని తోసేస్తుంది. అన్నం కంచంలో కూర వైపు చెయ్యి పెడితే కంచం అంచు అవతల పడుతుంది. స్టవ్ నాబ్ తిప్పబోయి రెండుసార్లు గిన్నె అంచుకి వేళ్ళు తగిలి కాలాయి. కొట్టు దగ్గర కూర్చోబెడితే కస్టమర్ నోటు చాపుతాడు, ఈవిడ చెయ్యి నోటుకి బెత్తెడు ఇవతలో అవతలో గాలిలో మూసుకుంటుంది, జనం నవ్వుతారు, కొందరు తాగి వచ్చిందేమో అని కూడా అన్నారట. అది చెప్తున్నప్పుడు ఆవిడ తల పైకెత్తలేదు.

ముందు కళ్ళ డాక్టర్‌కి చూపించారు. అద్దాలు మార్చారు, ఏం తేడా లేదు. చూపు ఫీల్డ్ టెస్ట్ కూడా చేశారు, నాలుగు వైపులా నార్మల్. ఇంకోచోట చెయ్యి బలహీనంగా ఉందని బాల్ నొక్కించారు, అదీ అయింది. చివరికి ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. కోడలు నాతో విడిగా చెప్పింది: "పూలు మాత్రం టకటకా కట్టేస్తుంది మేడమ్, మూర కొలిస్తే వెంట్రుకవాసి తేడా రాదు, మంచినీళ్ళ గ్లాసు మాత్రం అందదంట. మీరే చెప్పండి." ఆ అమ్మాయిని నేనేం తప్పుపట్టను, బయటనుంచి చూసేవాళ్ళకి అది నటనలాగే కనిపిస్తుంది. పైగా ఈ కేస్ మొత్తానికి తాళంచెవి ఆ అమ్మాయి మాటలోనే ఉంది, నేనే ఆ రోజు పట్టించుకోలేదు.

మొదటి మూడు వారాలు, అంటే నా తప్పు

మొదటి రోజు అందరికీ చేసినట్టే వేలు-ముక్కు టెస్ట్ చేశా. నా వేలు ముట్టుకోమంటే కుడి చెయ్యి మిస్సవుతోంది, తన ముక్కు ముట్టుకోమంటే కళ్ళు మూసుకుని కూడా సూటిగా వెళ్తోంది. ఈ రెండూ నోట్స్‌లో రాసుకున్నా. రాసుకుని కూడా కింద "కోఆర్డినేషన్ సమస్య" అని ఒక్క ముక్కలో తేల్చేసి పెగ్‌బోర్డ్ (చిల్లుల చెక్కలో చిన్న పుల్లలు గుచ్చే ప్రాక్టీస్) మొదలుపెట్టేశా. కదలికల్ని సరిచూసే చిన్నమెదడు, అంటే సెరిబెల్లమ్, దెబ్బతింటే ముక్కుకీ వేలుకీ రెండింటికీ గురి తప్పుతుంది, చివర్లో వణుకు ఉంటుంది. ఈవిడకి వణుకు లేదు, సగం టెస్ట్ మాత్రమే తప్పుతోంది. ఆ సగమే అసలు విషయమని అప్పుడు ఆగి ఆలోచించలేదు.

పెగ్‌బోర్డ్‌లో రెండు వారాలకే బాగా మెరుగైంది. నాకు సంతోషం. ఇంట్లో మాత్రం గ్లాసులు పడుతూనే ఉన్నాయి. ఎందుకో తర్వాత అర్థమైంది. పెగ్‌బోర్డ్ ముందు కూర్చుంటే మనిషి కళ్ళు పెగ్ మీదే ఉంటాయి, బోర్డు కదలదు, తొందరలేదు, మొదటిసారి తప్పినా వేళ్ళతో తడిమి సరిచేసుకోవచ్చు. అంటే ఆవిడకి ఏ పరిస్థితిలో సమస్య వస్తుందో ఆ పరిస్థితిని పూర్తిగా తీసేసి మరీ ప్రాక్టీస్ చేయించా అన్నమాట.

మూడో వారంలో ఇంకో ఐడియా వచ్చింది, "చెయ్యి ఎటు పోతుందో చూసుకుంటూ వెళ్ళమ్మా" అన్నా. చెయ్యి తప్పిపోతోంది కదా, దాని మీద కన్నేసి ఉంచితే దారిలో పెట్టుకోవచ్చు కదా అని. వినడానికి బానే ఉంది కదా, కానీ ఇంకా ఘోరమైంది. అప్పటిదాకా పదిలో మూడు నాలుగు తప్పేది, ఇప్పుడు సగం పైనే తప్పడం మొదలైంది. ఆవిడే అడిగింది, "ఏంటమ్మా, చూస్తే తప్పుతోంది, చూడకపోతే బానే ఉంటోంది?"

వెయిటింగ్ హాల్‌లో పది నిమిషాలు

ఆ మర్నాడు నాకు లేటైంది. తలుపు సందులోంచి చూస్తే పూలమ్మ బెంచీ మీద కూర్చుని, తెచ్చుకున్న మల్లెలు కడుతూ పక్కావిడతో మాట్లాడుతోంది. కళ్ళు ఆవిడ మొహం మీదే ఉన్నాయి. ఎడం చేతి వేళ్ళ మధ్య రెండేసి మొగ్గలు అటొకటి ఇటొకటి, కుడి చేత్తో నార చుట్టడం, మెలి వెయ్యడం, లాగడం, మళ్ళీ రెండు మొగ్గలు. ఒక్క ముడి తప్పలేదు. ఎడం చేతిలో మొగ్గలు అయిపోయాయి. కుడి పక్కన పేపర్ మీద పూల కుప్ప. మాట్లాడుతూనే కుడి చెయ్యి చాపింది. చెయ్యి కుప్పకి జానెడు దూరంలో, ఉత్త బెంచీ చెక్క మీద పడింది, పైగా ఐదు వేళ్ళూ బంతి పట్టుకోవడానికన్నట్టు బార్లా తెరుచుకుని ఉన్నాయి. తర్వాత చెక్క మీద తడుముకుంటూ తడుముకుంటూ పేపర్ అంచు తగిలేదాకా పోయి, అక్కణ్ణుంచి కుప్పలోకి వెళ్ళి పూలు తీసుకుంది. మళ్ళీ కట్టడం మొదలు, మళ్ళీ ఒక్క ముడి తప్పలేదు.

అక్కడే నిలబడిపోయా. చేతికి చెయ్యి దొరుకుతోంది. ముక్కు దొరుకుతోంది. మూర కొలవడం అంటే మోచెయ్యి నుంచి మధ్య వేలి కొసదాకా, అది కూడా తన ఒంటి కొలతే, అందుకే తేడా రావట్లేదు. ఒంటికి బయట, కంటితో మాత్రమే తెలిసే చోట ఉన్న వస్తువు దగ్గరికే చెయ్యి దారి తప్పుతోంది. చూపు బానే ఉంది, చెయ్యీ బానే ఉంది, కన్ను చూసినదాన్ని చేతికి అందించే వంతెన తెగింది.

దీనికి పేరుంది, ఆప్టిక్ అటాక్సియా. 1909లో బుడాపెస్ట్‌లో రెజో బాలింట్ అనే డాక్టర్ వివరించాడు. ఆయన పేషెంట్ సిగరెట్ కొసకి బదులు మధ్యలో అంటించుకునేవాడు, ఎడం చేత్తో ఫోర్కుతో మాంసం ముక్క పట్టుకుని కుడి చేతిలో కత్తితో ప్లేటు బయట కోయబోయేవాడు, తన ఒంటి భాగాలు ముట్టుకోమంటే మాత్రం కుడి చేత్తోనే సరిగ్గా ముట్టుకునేవాడు. కాలేజీలో చదివిందే, పరీక్షలో రాసిందే, ఎదురుగా మూడు వారాలు కూర్చున్నా గుర్తుపట్టలేదు.

మళ్ళీ మొదటినుంచి పరీక్ష

ఈసారి సరైన టెస్టులు. నా ముక్కు మీదే చూపు పెట్టమని, పెన్ను ఒకసారి ఆవిడ కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క పట్టుకుని, ఒక్కో చేత్తో అందుకోమన్నా, అంటే మొత్తం నాలుగు రకాలు. కుడి పక్క పెన్ను కుడి చేత్తో అందుకోవడం అన్నిటికన్నా దారుణం. ఎడమ పక్క పెన్నుకి కూడా కుడి చెయ్యి కొంత తప్పింది. ఎడం చెయ్యి కుడి పక్క తడబడింది, ఎడమ పక్క మాత్రం దాదాపు కరెక్ట్. ఎడమ మెదడు దెబ్బతిన్నవాళ్ళలో ఇలాగే ఉంటుందని 1988లో పెరెనాన్, విగెట్టో రాసిన పేపర్‌తో సరిగ్గా సరిపోయింది. ఇక పెన్ను వైపే సూటిగా చూసి అందుకోమంటే తప్పులు బాగా తగ్గిపోయాయి. "చెయ్యిని చూస్తూ వెళ్ళు" అన్న నా సలహా ఎందుకు బెడిసికొట్టిందో కూడా ఇక్కడే తెలిసింది. కళ్ళు చేతిమీదకి వచ్చాయంటే వస్తువు పక్కచూపులోకి పోతుంది, ఆవిడకి దెబ్బతిన్నదే పక్కచూపుతో అందుకోవడం.

ఒక అట్టపెట్టెకి హుండీలా చీలిక కోసి, దాన్ని అడ్డంగా, నిలువుగా, వాలుగా తిప్పుతూ పోస్ట్‌కార్డు వెయ్యమన్నా. "ఎలా ఉందమ్మా చీలిక?" అంటే "అడ్డంగా ఉంది" అని కరెక్టుగా చెప్తుంది, కార్డు పట్టుకున్న మణికట్టు మాత్రం నిలువుగానే వెళ్ళి పెట్టెకి కొట్టుకుంటుంది. దీనికి పూర్తి ఉల్టా కేస్ ఒకటి బాగా ఫేమస్, డి.ఎఫ్. అని పిలిచే ఆవిడ. 1988లో కార్బన్ మోనాక్సైడ్ వల్ల మెదడు దెబ్బతింది, చీలిక ఎటు తిరిగి ఉందో చెప్పలేకపోయేది, కానీ కార్డు ఇస్తే చెయ్యి దానంతటదే తిరిగి చక్కగా వేసేది. ఆ కేస్ ఆధారంగానే గుడేల్, మిల్నర్ అనే పరిశోధకులు 1992లో ఒక థియరీ పెట్టారు: తల వెనక భాగానికి చేరిన చూపు రెండు దారులు పడుతుంది, కింద దారి ఇదేంటి అని గుర్తుపట్టడానికి, పై దారి, అంటే పెరైటల్ దారి, దాన్ని అందుకోవడానికి చేతిని నడిపించడానికి. ఈ విభజన అంత శుభ్రంగా ఉండదని, ఆప్టిక్ అటాక్సియా ముఖ్యంగా పక్కచూపు సమస్యేనని వాదించే పరిశోధకులూ ఉన్నారు. థెరపీ గదిలో నాకు రెండు వైపులవాళ్ళ మాటా పనికొచ్చింది.

ఇంకొక్క సంగతి. గ్లాసు అందుకునేటప్పుడు మన చెయ్యి గ్లాసు దగ్గరికి చేరాక వేళ్ళు తెరవదు, దారిలో ఉండగానే తెరుస్తుంది. దారి సగం దాటాక ఎక్కడో వస్తువు కంటే కాస్త ఎక్కువే తెరుచుకుని, అక్కణ్ణుంచి మూసుకుంటూ వెళ్తుంది. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మార్క్ జానెరో అనే పరిశోధకుడు దీన్ని కొలిచి చూపించాడు, చెయ్యిని మోసుకెళ్ళడం ఒక పని, వేళ్ళని మలచడం ఇంకో పని, రెండూ పక్కపక్కనే నడుస్తాయి. పెరైటల్‌లో కూడా వేళ్ళ పని ఇంట్రాపెరైటల్ గాడి ముందు భాగంలో, చేరుకునే పని ఇంకా వెనక్కి, మధ్యగీత వైపు. పూలమ్మకి రెండూ దెబ్బతిన్నాయి, అందుకే మొగ్గకీ కొబ్బరికాయకీ ఒకేలా బార్లా తెరిచిన చెయ్యి.

ఎడం చెయ్యి వాడమనొచ్చు కదా?

లెక్క ప్రకారం సుళువైన దారి అదే. ఎడం చెయ్యి, ఎడమ పక్క, దాదాపు నార్మల్. నేనూ ముందు అదే అన్నా, డబ్బులు ఎడం చేత్తో తీసుకోమ్మా అని. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "గుడి ముందు కూర్చుని ఎడం చేత్తో డబ్బు తీసుకుంటే ఎవరన్నా కొంటారా తల్లీ? దేవుడికి పెట్టే పూలు ఎడం చేత్తో ఇస్తానా?" నిజమే. ఇంట్లో గ్లాసు ఎడం చేత్తో తీసుకోగలదు, బేరం దగ్గర కుదరదు. కాబట్టి కుడి చెయ్యి ఉండాలి, ఎడం చెయ్యి దానికి దారి చూపించాలి అని డిసైడ్ అయ్యాం.

ప్రిజమ్ అద్దాలు, అంటే కనిపించేదాన్ని ఒక పక్కకి జరిపి చూపించే కళ్ళద్దాలు, కూడా ఆలోచించా. ఒక పక్కని పట్టించుకోకుండా వదిలేసే నెగ్లెక్ట్ పేషెంట్లకి 1998 నుంచి వాడుతున్నారు. కానీ ఈవిడకి నెగ్లెక్ట్ లేదు, కుడి పక్క ఏముందో అన్నీ చెప్తోంది, అందుకని వద్దనుకున్నా.

పని చేసినవి

మొదటిది చాలా చిన్నది, ముందు కన్ను తర్వాత చెయ్యి. వస్తువు వైపు తల తిప్పి కళ్ళు దానిమీద నిలిపాకే చెయ్యి కదలాలి, చెయ్యి చేరేదాకా కళ్ళు దానిమీంచి తియ్యకూడదు. మనందరం రోజంతా మొహం చూస్తూ మాట్లాడుతూ చేత్తో పక్కనున్నవి అందుకుంటూనే ఉంటాం, ఆ అలవాటు మానడం చాలా కష్టం. ఆవిడే దానికో మాట కట్టుకుంది, "మాట ఆపు, చూడు, పట్టు" అని పైకి అనుకుంటూ చేసేది.

రెండోది ఎడం చెయ్యి. గ్లాసు ఉన్నచోట ముందు ఎడం చెయ్యి వెళ్ళి గ్లాసు అడుగు పట్టుకోవాలి, తర్వాత కుడి చెయ్యి ఎడం చెయ్యి దగ్గరికి వెళ్ళాలి. ఇప్పుడు కుడి చేతికి గురి గ్లాసు కాదు, తన సొంత చెయ్యి, ఆ లెక్క ఒంట్లోంచే తెలుస్తుంది కాబట్టి కంటితో పనిలేదు. పూలు కట్టడంలో ఉన్న కిటుకే ఇది, దాన్నే వంటింట్లోకి తీసుకొచ్చాం. మొదటిసారి చేసిన రోజే ఇత్తడి గ్లాసుతో నీళ్ళు ఒలక్కుండా తాగింది. కంచం అయితే ఎడం చేత్తో అంచు పట్టుకుని తినడం. స్టవ్ దగ్గర మాత్రం ఎడం చెయ్యి ముందు పోతే అదీ కాలుతుంది, అందుకే అక్కడ స్టవ్ అంచున రెండు చేతులూ ఆనించి, అంచు వెంబడి జరుపుకుంటూ నాబ్ దాకా పోవడం నేర్పించాం. గిన్నెలు వెనక బర్నర్ మీదే.

మూడోది నా సామాను మార్చడం. పెగ్గులు, చెక్క సిలిండర్లు పక్కనపెట్టి ఆవిడ కత్తెర, నార కట్ట, పూల బుట్ట, చిల్లర డబ్బా తెప్పించా. ఇదే సమస్య ఉన్న ఎ.టి. అనే పేషెంట్ మీద 1994లో వచ్చిన పేపర్ గుర్తొచ్చి ఇలా చేశా, ఎ.టి.కి మామూలు సిలిండర్ పట్టుకోవాలంటే వేళ్ళు కుదిరేవి కావు, అదే సైజు లిప్‌స్టిక్ అయితే బాగా కుదిరేవి. తెలిసిన వస్తువైతే దాని సైజు జ్ఞాపకంలోంచి వస్తుంది మరి. పూలమ్మ వేళ్ళు కూడా నా సిలిండర్‌కి బార్లా తెరుచుకునేవి, తన పాత కత్తెరకి మాత్రం కత్తెరంతే తెరుచుకున్నాయి.

ఒక ప్రయోగం కూడా చేశాం. గ్లాసు చూపించి, కళ్ళు మూసుకోమని, ఐదు సెకన్లు ఆగి అప్పుడు అందుకోమన్నా. మనకైతే ఆగితే గురి తగ్గుతుంది. ఎ.టి.కి మాత్రం పెరిగిందని మిల్నర్ వాళ్ళు 1999లో రాశారు. పూలమ్మకీ కాస్త పెరిగింది. అప్పటికప్పుడు నడిపించే దారి తెగినా, గుర్తుపెట్టుకుని వెళ్ళే దారి ఇంకా ఉంది అని ఒక వివరణ. రోజూ వాడే పద్ధతిగా ఇది పనికిరాదు, బేరం మధ్యలో కళ్ళు మూసుకుని ఎవరు కూర్చుంటారు. కానీ ఆ రోజు కోడల్ని గదిలోకి పిలిచి చూపించా. కళ్ళు తెరిచి తప్పిన చెయ్యి కళ్ళు మూసుకుంటే సూటిగా వెళ్ళడం ఆ అమ్మాయి కళ్ళారా చూసింది. ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు అత్తగారి బుట్ట తనే పట్టుకుంది.

నోటు సంగతి మాత్రం వీటిలో దేనికీ లొంగలేదు. కస్టమర్ చెయ్యి ఒకచోట నిలవదు, చాపుతూ చాపుతూ జరుగుతుంది. గురి కదిలితే దారిలోనే చెయ్యిని సరిచేసే పని కూడా పై పెరైటల్‌దే, 2000లో పిసెల్లా వాళ్ళు ఐ.జి. అనే పేషెంట్‌లో చూపించింది ఇదే, గురి జరిగితే మన చెయ్యి అప్రయత్నంగా మళ్ళుతుంది, ఐ.జి. చెయ్యి మళ్ళేది కాదు. దీన్ని ప్రాక్టీస్‌తో గెలవాలని రెండు వారాలు కష్టపడ్డాం, లాభం లేకపోయింది. అప్పుడు గురినే ఆపేద్దాం అనుకున్నాం. ఒడి ముందు ఒక స్టీలు పళ్ళెం, అందులో పసుపు కుంకుమ, నాలుగు పూలు. గుడి ముందు పళ్ళెంలో డబ్బులు వెయ్యడం ఎవరికీ వింత కాదు, ఎవరూ ఏంటని అడగలేదు. పళ్ళెం అంచు ఎడం చేత్తో పట్టుకుంటుంది, కుడి చెయ్యి అంచుకి వచ్చి నోటు తీసుకుంటుంది.

నాకు మిగిలినవి

ఇప్పుడు ఏ స్ట్రోక్ పేషెంట్ వచ్చినా వేలు-ముక్కు టెస్ట్‌ని రెండు టెస్టులుగానే రాస్తాను, బయటి గురి ఒకటి, ఒంటి గురి ఒకటి. సూటిగా చూస్తూ ఒకసారి, నా ముక్కు చూస్తూ ఒకసారి కూడా చేయిస్తా, ఈ రెండోది చెయ్యకపోతే ఇలాంటి కేసు చేతుల్లోంచి జారిపోతుంది. "పేషెంట్ నటిస్తోంది" అని ఎవరన్నా అంటే, ఏం చెయ్యగలుగుతోంది, ఏం చెయ్యలేకపోతోంది అని రెండు వరుసలు రాసి వాటి మధ్య తేడా ఏంటో చూస్తా, పూలమ్మ విషయంలో జవాబు ఆ తేడాలోనే దాక్కుంది. అలాగే క్రెడిట్ మొత్తం థెరపీకి ఇవ్వలేను, మొదటి కొన్ని నెలల్లో మెదడు తనంతట తానే కొంత కోలుకుంటుంది, ఒక్క కేసులో దాన్ని విడదీసి చెప్పడం కుదరదు. ఎడం చెయ్యి ఆసరా మాత్రం మొదటి రోజే పని చేసింది కాబట్టి దాని మీద నాకు గట్టి నమ్మకం.

ఆరు నెలలకి

బీపీ మాత్రలు రోజూ వేసుకుంటోంది, కోడలు దగ్గరుండి ఇస్తోంది. కొట్టు మళ్ళీ తెరిచింది, సాయంత్రాలు మాత్రమే. పరీక్ష చేస్తే కుడి పక్కచూపులో కుడి చెయ్యి ఇంకా తప్పుతోంది, వేళ్ళు ఇంకా కాస్త ఎక్కువే తెరుచుకుంటున్నాయి. మాటల్లో పడితే గ్లాసు ఇప్పటికీ అప్పుడప్పుడు పడుతుంది. ప్రస్తుతం తెగని సమస్య ఆటో ఎక్కడం. కాలు పెట్టే చోటు చూడాలి, అదే టైమ్‌లో కుడి చేత్తో పైన రాడ్ పట్టుకోవాలి, కళ్ళు రెండు చోట్ల ఉండలేవు. ముందు ఆగి ఎడం చేత్తో సీటు పక్క కడ్డీ పట్టుకుని, రాడ్ చూసి, పట్టుకున్నాకే కాలు చూసుకోవడం ప్రాక్టీస్ చేయిస్తున్నాం, మా గేటు దగ్గర ఆటో స్టాండ్‌లో ఒకాయన ఇంజన్ ఆపి ఓపిగ్గా నిలబడుతున్నాడు.